చలికాలంలో కారు కడగడం: ఒక పాత డ్రైవరు మనవి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకంటె ముందు మాట్లాడిన పెద్దలు కరువు భత్యం బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి చాలా విషయాలు చెప్పారు. నాకు అంత పెద్ద విషయాలు తెలియవు. నేను 1974లో డ్రైవరుగా చేరి 2007లో డ్రైవరుగానే రిటైరైనవాణ్ణి. మన కార్యదర్శి గారు పోయిన నెల పెన్షన్ కార్యాలయం దగ్గర కనపడి, "ఈసారి నువ్వు కూడా ఒక పావుగంట మాట్లాడాలి, ఇప్పుడు మనవాళ్ళలో సగం మంది ఇళ్ళలో కార్లున్నాయి, చలికాలంలో కారు ఎట్లా చూసుకోవాలో చెప్పు" అన్నారు. ఏ విషయమైనా ఇస్తే నాకు వచ్చింది ఒక్కటే, బండి. కాబట్టి ఒప్పుకున్నాను. అయితే చలికాలంలో కారు సంగతి అంటే ముందు కడగడం సంగతి చెప్పాలి, కడగడం సంగతి చెప్తే కడిగే మనిషి సంగతి చెప్పక తప్పదు. అది మీకు ముందే మనవి చేసుకుంటున్నాను.

నా సర్వీసులో దాదాపు తొమ్మిదేళ్ళు పాత ఆదిలాబాద్ జిల్లాలో గడిచాయి. ఎక్కువ కాలం ఉట్నూరు. అక్కడి చలి మన హనుమకొండ చలి లాంటిది కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి పూట అయిదారు డిగ్రీలకు దిగడం అక్కడ కొత్త విషయం కాదు. పుష్యమాసంలో పూసలు గుచ్చినంత పొద్దు కూడా ఉండదంటారు కదా, మా డ్యూటీ ఆ పొద్దు పొడవక ముందే మొదలయ్యేది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. జాతరలో దర్బారు జరుగుతుంది గనుక అధికారులందరూ అక్కడికే. ఏడింటికి దొర బయల్దేరాలంటే అయిదింటికి బండి కడగడం మొదలు పెట్టాలి. ముందురోజు కెరమెరి ఘాటు దిగి వచ్చిన జీపు ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. టాపు మీద దుమ్ము, మడ్‌గార్డుల లోపల మట్టి, దాని మీద తెల్లవారుజామున కురిసిన మంచు. చేత్తో గీస్తే పేరు రాయొచ్చు.

అప్పుడు మాకు గెస్ట్‌హౌస్ వెనుక ఒక చేదబావి ఉండేది. అక్కడి పాత డ్రైవరు ఒకాయన మొదటి రోజే ఒక మాట చెప్పాడు: "తొట్టిలో నీళ్ళు ముట్టకు తమ్మీ, బావిలోంచి తోడుకో." ఎందుకో అప్పుడు తెలియలేదు గాని, చేద పైకి వచ్చేసరికి నీళ్ళ మీద ఆవిరి లేస్తూ కనపడింది. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. తొట్టిలో నీళ్ళేమో సూదులు గుచ్చినట్టు ఉన్నాయి. భూమి లోపలి నీళ్ళకు ఎండాకాలం, చలికాలం అన్న తేడా పెద్దగా తెలియదు. ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉంటాయి. అందుకే ఎండాకాలంలో చల్లగా, చలికాలంలో వెచ్చగా తోస్తాయి. పైన తొట్టిలోనో ట్యాంకులోనో రాత్రంతా నిలిచిన నీళ్ళు మాత్రం రాత్రి చలినంతా పీల్చుకుంటాయి. ఈ ఒక్క సంగతి ఇప్పటికీ మీ అపార్టుమెంట్లలో పనికి వస్తుంది. పొద్దున్నే మిద్దె మీది ట్యాంకు పంపు తిప్పకుండా, బోరు వేసినప్పుడు వచ్చే నీళ్ళు రెండు బకెట్లు పట్టుకుంటే సగం బాధ తప్పుతుంది. కాకపోతే బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. ఆరితే రంగు మీద తెల్లటి చుక్కలు పడతాయి. కడిగిన వెంటనే తుడవాలి, ఆరనివ్వకూడదు.

మా జీపు పెట్రోలు జీపు. కడిగేటప్పుడు నీళ్ళు పడకపోయినా సరే, ఆ మంచుకే డిస్ట్రిబ్యూటర్ మూత లోపల తేమ పట్టి బండి లేచేది కాదు. మూత విప్పి పొడి గుడ్డతో తుడిచి, వైర్లు తుడిచి, ఆ పైన ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పితే ఎప్పటికో లేచేది. ఇప్పటి కార్లకు ఆ బాధ లేదు, తాళంచెవి కూడా అక్కర్లేదు, బటన్ నొక్కితే చాలు. అయినా మా జీపు మొరాయించినా విప్పి చూస్తే ఎందుకు మొరాయించిందో తెలిసేది. ఇప్పటి బండి మొరాయిస్తే కంప్యూటర్ తగిలించి చూడాల్సిందే. సరే, అది వేరే సంగతి.

ఒక అధికారి ఉండేవారు, పేరు వద్దు. ఆయన బండెక్కే ముందు జేబులోంచి తెల్ల రుమాలు తీసి మడ్‌గార్డు లోపలి వైపు తుడిచి చూసేవారు. రుమాలు నల్లబడితే ఆ రోజంతా మాట లేదు. జనవరి నెలలో తెల్లవారుజామున మడ్‌గార్డు లోపల చెయ్యి పెట్టి మట్టి గీకితే వేళ్ళ కణుపులు పగిలి నెత్తురు వచ్చేది. స్టీరింగు పట్టుకుంటే ఆ పగుళ్ళు మళ్ళీ విచ్చుకునేవి. యూనిఫారం ఉతుక్కోవడానికి మాకు వాషింగ్ అలవెన్సు ఉండేది గాని చేతులకు ఏ అలవెన్సూ లేదు. ఆయన బదిలీ అయ్యాక ఇంకొకాయన వచ్చారు. మొదటి చలికాలం పొద్దున నేను బండి కడుగుతుంటే వరండాలో నిలబడి చూసి, "ఏమయ్యా, ఈ చీకట్లో ఎందుకు? సాయంత్రం వచ్చాక నాలుగింటికి కడుక్కో. పొద్దున పొడి గుడ్డతో అద్దాలు తుడిచి తీసుకురా, చాలు" అన్నారు. ఉత్తర్వు కాదు, సర్క్యులర్ కాదు. ఆ ఒక్క మాటతో నాలుగు చలికాలాలు నా చేతులు బాగున్నాయి. బండి కూడా ఏమీ చెడిపోలేదు.

ఇప్పుడు మనలో స్వయంగా కారు కడుక్కునేవాళ్ళు చాలామంది ఉన్నారు. మంచిదే. రిటైరయ్యాక ఒంటికి పని ఉండాలి. కాని మనం అరవై దాటినవాళ్ళం, కొందరం డెబ్బై దాటాం. నీళ్ళు గాలికంటె సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగుతాయి. అందుకే పదిహేను డిగ్రీల గాలిలో స్వెట్టర్ లేకుండా కాసేపు నిలబడగలం గాని, పదిహేను డిగ్రీల నీళ్ళలో చేతులు పెడితే రెండు నిమిషాల్లో వేళ్ళు కొంకర్లు పోతాయి. తడిచెయ్యి ఆరేటప్పుడు ఇంకా వేడి పోతుంది. చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, బి.పి. పెరుగుతుంది. బి.పి. ఉన్నవాళ్ళకు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు చలికాలంలో ఎక్కువ జాగ్రత్త అవసరమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. దానికి తోడు నిండు బకెట్ ఎత్తడం, చక్రాల దగ్గర వంగి ఒక్కసారిగా లేవడం. బి.పి. మాత్రలు వేసుకునేవాళ్ళకు అట్లా లేస్తే కళ్ళు తిరుగుతాయి. చక్రాలు కడిగేటప్పుడు వంగవద్దు, ఒక పీట వేసుకొని కూర్చోండి. బకెట్ సగమే నింపుకోండి. ఛాతీలో పట్టేసినట్టుంటే గుడ్డ అక్కడే పడేసి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. కారు ఎక్కడికీ పోదు.

షుగరు ఉన్నవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. కొన్నేళ్ళ షుగరు తరువాత కాళ్ళకు, కొందరికి చేతులకు కూడా స్పర్శ తగ్గుతుంది. చలి తెలియదు, వేడీ తెలియదు. చేతులు చల్లబడ్డాయని కాగే నీళ్ళలో ముంచితే కాలినట్టు కూడా తెలియక బొబ్బలెక్కుతాయి. వేణ్ణీళ్ళు మోచేత్తో చూసుకోండి, లేదా ఇంట్లో ఆడవాళ్ళనో మనవలనో చూడమనండి. ఉత్త కాళ్ళతో తడి నేల మీద నిలబడవద్దు. ఇక కొందరికి చలికి వేళ్ళ కొసలు పాలిపోయి తెల్లగా అవుతాయి, తరువాత నీలంగా మారి, వెచ్చబడ్డాక ఎర్రబడి మంట పుడుతుంది. అది మామూలు చలి కాదు, డాక్టరుకు చూపించాల్సిన విషయం. అట్లాంటివాళ్ళు చన్నీళ్ళు ముట్టకపోవడమే మేలు.

మరి ఎప్పుడు కడగాలి? నా దగ్గర ఒక థర్మామీటరుంది. మీ అందరి ఇళ్ళలోనూ ఉంది. కొబ్బరినూనె సీసా. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కిటికీలో పెట్టిన సీసాలో నూనె గడ్డకట్టి ఉందంటే ఇంకా నీళ్ళలో చెయ్యి పెట్టే వేళ కాలేదన్నమాట. కరిగాక వెళ్ళండి. మన ఊళ్ళో చలికాలంలో అది పదింటికో పదకొండింటికో అవుతుంది. ఎండాకాలంలో ఆ వేళకు బానెట్ పెనంలా కాలుతుంది, నీళ్ళు పోసినవి పోసినట్టే ఆరి మరకలు పడతాయి. కాని చలికాలంలో ఆ వేళకు రేకు వేడెక్కదు, నీళ్ళు మెల్లగా ఆరతాయి. తుడవడానికి తీరిక ఉంటుంది. అంటే చలికాలంలో కారుకు కూడా మంచి వేళ అదే, మనిషికి కూడా అదే. తెల్లవారుజామున కడగాలన్నది ఆఫీసు టైము కోసం పుట్టిన అలవాటే గాని కారు కోసం పుట్టింది కాదు.

కడగడానికి పైపు పెట్టవద్దు. పైపు వదిలేస్తే నిమిషానికి పది లీటర్లకు తక్కువ పోవు, మీదంతా తడుస్తుంది. 2024 మార్చిలో బెంగళూరులో నీటి కరువు వచ్చినప్పుడు తాగే నీళ్ళతో కార్లు కడిగితే అయిదు వేల రూపాయల జరిమానా అన్నారు. మన దగ్గర జరిమానా లేకపోయినా నీళ్ళు నీళ్ళే. రెండు బకెట్లు చాలు. ఒక దానిలో సబ్బు నీళ్ళు, ఇంకొక దానిలో మంచి నీళ్ళు. గుడ్డను మంచి నీళ్ళలో జాడించి, పిండి, అప్పుడు సబ్బు నీళ్ళలో ముంచాలి. ఒకే బకెట్‌తో కడిగితే పొద్దున తీసిన ఇసుకతో మధ్యాహ్నం కారు తోమినట్టే. బట్టల సబ్బు పొడి, గిన్నెలు తోమే సబ్బు వాడకండి, రంగు మీది మెరుపు పొరను లాగేస్తాయి. కారు షాంపూ ఉంటే సరే, లేకపోతే ఉత్త నీళ్ళే మేలు.

అన్నిటికంటె ముఖ్యం, మంచు పడ్డ కారును పొడి గుడ్డతో రుద్దవద్దు. రాత్రి పడ్డ దుమ్ము, మంచు కలిసి సన్నటి బురద అవుతుంది. దాన్ని పసుపు గుడ్డతో గుండ్రంగా రుద్దితే ఎండలో చూసినప్పుడు కారు నిండా సాలెగూడు లాంటి గీతలు కనపడతాయి. నల్ల కార్ల వాళ్ళను అడగండి, వాళ్ళకు తెలుసు. ముందు నీళ్ళు పోసి దుమ్ము జారనివ్వాలి. పైనుంచి కిందికి రావాలి: టాపు, అద్దాలు, బానెట్, తలుపులు, డిక్కీ, బంపర్లు. చక్రాలు ఆఖరున, వాటికి వేరే గుడ్డ. చక్రాలు తుడిచిన గుడ్డతో తలుపు తుడిస్తే నేను చూడలేను, ఎవరి కారైనా సరే నోరు ఊరుకోదు.

అద్దం మీద మంచు ఉందని కొందరు మరిగే నీళ్ళు తెచ్చి పోస్తారు. వద్దు. చల్లగా ఉన్న అద్దం మీద వేణ్ణీళ్ళు పడితే, ముందే చిన్న రాయి తగిలిన బీట ఉంటే అది బారెడు అవుతుంది. గోరువెచ్చని నీళ్ళు చాలు. బానెట్‌కూ ముందు అద్దానికీ మధ్య జాలీ ఉంటుంది, అక్కడ చలికాలంలో వేపాకు, బాదం ఆకు పేరుకుంటుంది. అది తీయకపోతే నీళ్ళు పోయే దారి మూసుకొని వానాకాలంలో కాళ్ళ కిందికి వస్తాయి. తలుపుల అడుగున చిన్న చిల్లులుంటాయి. ఒక అగ్గిపుల్లతో మట్టి తీసేయండి, లేకపోతే లోపల నీళ్ళు నిలిచి తుప్పు పడుతుంది. కడగడం అయ్యాక కారును అక్కడే వదలకుండా వీధి చివరి దాకా మెల్లగా నడిపి, బ్రేకు నాలుగైదు సార్లు సున్నితంగా నొక్కండి, తడి ఆరుతుంది. తడిమీద హ్యాండ్‌బ్రేకు లాగి రాత్రంతా వదిలితే తెల్లారి బ్రేకు పట్టేస్తుంది. సమతలంగా ఉన్న చోట గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డం పెట్టండి. సాయంత్రం కడిగేవాళ్ళు నాలుగు దాటనివ్వకండి, ఆ తరువాత ఎండ ఉండదు గనుక ఆరదు. చివరగా చేతులు పొడిగా తుడుచుకొని అప్పుడు నూనె రాసుకోండి. ముందు రాసుకుంటే అద్దాల మీద వేలిముద్రలు.

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు గనుక అక్కడి సంగతి కూడా రెండు మాటలు చెప్తాను. 2013 చివర మా అమ్మాయి పురిటికి మేమిద్దరం షికాగో పక్క ఊరికి వెళ్ళాం. 2014 జనవరి 6న అక్కడ సున్నాకు 27 డిగ్రీలు కింద. ఉట్నూరు చలి చూసినవాణ్ణి నాకేమిటి అనుకొని వెళ్ళినవాణ్ణి, కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. అక్కడ రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఉప్పు నీళ్ళు మామూలు నీళ్ళకంటె ఇంకా చల్లబడితే గాని గడ్డకట్టవు, అందుకని. కాని ఆ ఉప్పే కారు అడుగున పట్టి రేకును తినేస్తుంది. వాళ్ళ కార్లు చలికాలంలో తెల్లగా ఊచబియ్యం చల్లినట్టు ఉంటాయి. అందుకే అక్కడ చలికాలంలోనే ఎక్కువ కడగాలి, పై మెరుపు కోసం కాదు, అడుగు కోసం.

మా అల్లుడు సున్నా దాటే రోజు కోసం కాచుకునేవాడు. అట్లాంటి రోజొకటి వస్తే గరాజ్‌లో రెండు బకెట్ల గోరువెచ్చని నీళ్ళు పెట్టుకొని నేను కూడా దిగాను. "మామయ్యా, మీరు లోపలికి రండి, చేతులు గడ్డకడతాయి" అని వాడు, "ఉండు బాబూ, ముప్పై మూడేళ్ళు ఇదే పని చేశాను" అని నేను. అక్కడ నేను నేర్చుకున్నది ఒకటి. తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగు పొడిగా తుడవకపోతే రాత్రికి తలుపు అతుక్కుపోతుంది, లాగితే రబ్బరు చిరుగుతుంది. ఇంకొకటి, కడిగిన నీళ్ళు వాకిట్లో పారితే గంటలో అద్దం లాంటి మంచు. మన వయసు వాళ్ళు దాని మీద కాలు పెడితే తుంటి ఎముక. పిల్లల దగ్గరికి చలికాలంలో వెళ్ళే పెన్షనర్లు కారు కడగడం పిల్లలకే వదిలేయండి. అక్కడ కారు మొత్తం లోపలికి తోస్తే అడుగుతో సహా కడిగి బయటికి పంపే యంత్రాలున్నాయి. చలిలో మనిషి చెయ్యి పెట్టే అవసరం లేకుండా చేసుకున్నారు.

మన దగ్గర ఆ యంత్రం పని ఎవరు చేస్తున్నారు? ఇక్కడికి రావాలనే ఇంతసేపు మాట్లాడాను.

మా అపార్టుమెంటులో 24 ఫ్లాట్లు, 17 కార్లు. వాచ్‌మన్ ఒక్కడే. కారుకు నెలకు అయిదు వందలు. మొదటి కారు ఆరున్నరకు బయటికి వెళ్తుంది గనుక అతను నాలుగున్నరకు మొదలు పెడతాడు. పైన ట్యాంకు నీళ్ళు, కాళ్ళకు ప్లాస్టిక్ చెప్పులు, ఒంటి మీద ఎవరో ఇచ్చిన పాత స్వెట్టరు, అది మోచేతుల దాకా తడిసే ఉంటుంది. నేను తెల్లవారుజామున లేచే అలవాటు గనుక రోజూ చూస్తూనే ఉన్నాను. పోయిన ఏడాది సంక్రాంతి ముందర ఒక పొద్దున అతను గుడ్డ పిండలేక రెండు చేతులూ చంకల్లో పెట్టుకొని మెట్ల మీద కూర్చున్నాడు. "ఏమైంది బిడ్డా" అంటే, "ఏం లేదు సారూ, వేళ్ళు మాట ఇంటలేవు" అన్నాడు. చెయ్యి చూస్తే కణుపులన్నీ పగిలి ఉన్నాయి. వాళ్ళ ఇంటామె పసుపు, నెయ్యి రాసి కట్టిన గుడ్డపీలికలు తడిసి ఊడిపోయాయి. ఆ చెయ్యి నాకు కొత్త కాదు. నలభై ఏళ్ళ క్రితం అట్లాంటివే రెండు నాకు ఉండేవి.

అయితే నా చేతులకు ఒక తేడా ఉంది. నాకు సర్వీసు రిజిస్టరు ఉంది, ఇంక్రిమెంటు ఉంది, రిటైరైతే పెన్షన్ ఉంది. మనం ఈ రోజు ఇక్కడ ఎందుకు కూర్చున్నాం? 1982 డిసెంబరు 17న నకారా కేసులో ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ గారితో కూడిన అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పెన్షన్ అనేది దయతో ఇచ్చే దానం కాదు, చేసిన పనికి వచ్చే హక్కు అని తీర్పు చెప్పింది కాబట్టి. ఆ తీర్పులో మా వాచ్‌మన్ లేడు. అతనికి సర్వీసు రిజిస్టరు లేదు. యాభై అయిదేళ్ళకు చేతులు పనికి రాకపోతే ఊరికి పోవడమే. అతనికి పెన్షన్ ఇప్పించడం నావల్ల కాదు, మీవల్ల కూడా కాకపోవచ్చు. కాని ఆ నాలుగున్నరను పదింటికి మార్చడం మన చేతిలో పని. దానికి జీవో అక్కర్లేదు.

ఆ ఆదివారం ఫ్లాట్ల మీటింగులో ఈ సంగతి ఎత్తాను. మాటలు చాలా వచ్చాయి. "డబ్బులిస్తున్నాం కదా" అని ఒకరు. "అతను అడిగాడా, మీరెందుకు" అని ఒకరు. నిజమే, అతను అడగలేదు, అడగడు. నేను కూడా ఆ తెల్ల రుమాలు దొరను ఎన్నడూ అడగలేదు. ఇంకొకాయన, "పొద్దున ఆఫీసుకు మట్టి కారులో పోవాలా" అన్నారు. దానికి మాత్రం నా దగ్గర సమాధానం ఉంది. పొద్దున వెళ్ళే కార్లను ముందురోజు మధ్యాహ్నమో, సెలవు రోజు పదింటికో కడిగిద్దాం. పొద్దున అద్దాల మీది మంచు ఎవరిది వాళ్ళు వైపర్లతో తీసుకుందాం. రోజూ నీళ్ళు పోసే పని లేదు, వారానికి రెండుసార్లు చాలు, అసలు రంగుకు కూడా అదే మంచిది. డబ్బులు మాత్రం ఒక్క రూపాయి తగ్గించకూడదు. చేతులకు రబ్బరు గ్లవ్‌లు, కాళ్ళకు గమ్‌బూట్లు సొసైటీ ఖాతాలో కొనాలి. గ్లవ్‌లు ఒక సైజు పెద్దవి కొంటే లోపల నూలువి కూడా వేసుకోవచ్చు, చిరిగితే మళ్ళీ కొనాలి. ఆ సంవత్సరం జెండా పండుగకు చందా వేసినంత కూడా కాలేదు ఖర్చు.

పదకొండు మంది ఒప్పుకున్నారు. వాళ్ళలో ముగ్గురు ఇప్పుడు ఆదివారం పూట తమ కారు తామే కడుక్కుంటున్నారు, నేను పక్కన కుర్చీ వేసుకొని చక్రాల గుడ్డ సంగతి చూస్తుంటాను. మిగతా ఆరు కార్లు ఇప్పటికీ పొద్దున్నే కడుగుతున్నాడు. పదిహేడు నుంచి ఆరుకు వచ్చింది. నాలుగున్నరకు లేచేవాడు ఇప్పుడు అయిదున్నర దాటాక లేస్తున్నాడు. బోరు నీళ్ళు పట్టుకుంటున్నాడు. చెయ్యి మొత్తం మానలేదు గాని పగుళ్ళు తగ్గాయి.

మీ అందరి ఇళ్ళ దగ్గరా ఇట్లాంటివాడు ఒకడు ఉంటాడు. వాచ్‌మన్ కావచ్చు, కాలనీలో సైకిల్ మీద వచ్చి నాలుగు కార్లు కడిగిపోయే పిల్లవాడు కావచ్చు. చలి శివరాత్రికి శివశివా అంటూ పోతుంది, అంటే ఇంకా రెండు నెలల పైన ఉంది. రేపు పొద్దున ఒక్కసారి నాలుగున్నరకు లేచి కిందికి దిగి చూడండి. మంకీ టోపీ పెట్టుకొని దిగండి, మన వయసుకు అది అవసరం. బకెట్లో ఒక చెయ్యి పెట్టి వంద లెక్కపెట్టండి, షుగరు, గుండె జబ్బు, వేళ్ళు తెల్లబడే జబ్బు ఉన్నవాళ్ళు తప్ప. ఆ తరువాత మీ ఇష్టం.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. ఒక చిన్న మాట చెప్పి ముగిస్తాను. మా అపార్టుమెంటులో మిగిలిన ఆ ఆరు కార్ల యజమానుల్లో ఇద్దరు మన సంఘం సభ్యులే, ఈ సభలోనే ఉన్నారు. పేర్లు చెప్పను. టీ తాగేటప్పుడు నేనే వచ్చి కలుస్తాను. గ్లవ్‌ల జతలు రెండు నా సంచీలో ఉన్నాయి.